స్టీమ్ పీలర్ తర్వాత తొక్క మిగులుతోంది, సార్టర్ మంచి దుంపల్ని కూడా పారేస్తోంది: ముందు దేన్ని సరిచేయాలి?

లైన్‌మూడు

అందరికీ నమస్కారం. ఫ్రోజెన్ బంగాళాదుంప ముక్కలు తయారుచేసే లైన్‌లో ప్రాసెస్ ఇంజనీర్‌ని. మా లైన్ వరుస ఇదీ: కడగడం, రాళ్లు వేరుచేయడం, ఆవిరితో తొక్క తీసే స్టీమ్ పీలర్, వెంటనే బ్రష్ యంత్రం, మళ్లీ కడగడం, మొత్తం దుంపను కెమెరాతో చూసి చెడ్డవాటిని గాలిదెబ్బతో పక్కకు తోసే సార్టర్, ఆపైన కటింగ్, చివర్లో ముక్కల్ని చూసే రెండో సార్టర్.

కొంతకాలంగా మొదటి సార్టర్ దగ్గర రిజెక్ట్ బిన్ తొందరగా నిండిపోతోంది. కొన్ని దుంపల మీద తొక్క నిజంగానే మిగులుతోంది, ముఖ్యంగా మొలకలొచ్చే కళ్ల చుట్టూ. కానీ శుభ్రంగా ఉన్న దుంపలు కూడా వాటితోపాటు బోలెడు పడుతున్నాయి. తొక్క పోవాలని షిఫ్ట్ వాళ్లు స్టీమ్ టైమ్ పెంచారు. తొక్క కాస్త తగ్గింది గానీ తరుగు పెరిగింది. దుంపను కోసి చూస్తే అంచు వెంబడి ఉడికిన వలయం కనిపిస్తోంది. ఇప్పుడేమో సార్టర్ సెన్సిటివిటీ తగ్గించమని పైనుంచి ఒత్తిడి. తగ్గిస్తే తొక్క ఉన్నవన్నీ కటింగ్‌కి వెళ్లిపోతాయి కదా అని నా టెన్షన్.

ఎవరైనా ఇలాంటిది చూశారా? పీలర్‌తో మొదలుపెట్టాలా, సార్టర్‌తోనా?

ఆవిరిగొట్టం

పీలర్‌తోనే మొదలుపెట్టండి, కానీ టైమ్‌తో కాదు. ముందు దాన్ని పాత సెట్టింగ్‌కి తెచ్చేయండి.

స్టీమ్ పీలర్ దుంపను ఉడికించి తొక్క తీస్తుందని చాలామంది ఆపరేటర్లు అనుకుంటారు. అందుకే తొక్క మిగిలితే చెయ్యి నేరుగా టైమ్ మీదికి పోతుంది. అసలు జరిగేది వేరు. మూసిన పాత్రలో సుమారు 12 నుంచి 20 బార్ల ఒత్తిడి ఉన్న ఆవిరి కొన్ని సెకన్లపాటు తగిలేసరికి, తొక్క కిందనున్న పల్చటి పొరలోని నీరు 100 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఒత్తిడి ఉన్నంతసేపు ఆ నీరు మరగలేదు. ఒత్తిడిని ఒక్కసారిగా వదిలితే అదంతా క్షణంలో ఆవిరై తొక్కను లోపలినుంచి పైకి తన్నేస్తుంది. అంటే తొక్క ఊడేది ఒత్తిడి వదిలే ఆ క్షణంలోనే. వేడి పట్టించేది దానికి సిద్ధం చేయడానికే.

కాబట్టి ఒత్తిడిని బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ ఎంత త్వరగా తెరుచుకుంటోంది, ఒత్తిడి సున్నాకి దిగడానికి ఎంతసేపు పడుతోంది అన్నది ముందు చూడండి. కంట్రోలర్‌లో ఒత్తిడి గ్రాఫ్ ఉంటుంది. పాత రికార్డు పక్కన పెట్టి పోల్చండి. వాల్వ్ సీటులో పీచు, తొక్క ఇరుక్కున్నా, ఎగ్జాస్ట్ పైపు సన్నబడినా దిగుడు మెల్లగా ఉంటుంది. అప్పుడు నీరు నింపాదిగా ఆవిరైపోతుంది, తొక్క కదలదు. టైమ్ పెంచితే ఏమవుతుంది? వేడి ఇంకా లోపలికి దిగుతుంది. మీకు కనిపిస్తున్న ఉడికిన వలయం అదే. అక్కడ పిండిపదార్థం జిగురుగా మారుతుంది, బ్రష్ కింద అదంతా తొక్కతోపాటు కొట్టుకుపోతుంది. మీ తరుగు పెరిగింది అక్కడే.

రెండోది, పాత్రలో మిగిలిపోయే గాలి. గేజ్ మీద 15 బార్లు కనిపించినా అందులో కొంత గాలి వాటా అయితే ఆవిరి వేడి తగ్గిపోతుంది. 15 బార్ల స్వచ్ఛమైన ఆవిరి సుమారు 200 డిగ్రీలుంటుంది. గాలి కలిస్తే అది రాదు. ఆవిరి చల్లబడి నీరైన కండెన్సేట్ కూడా అంతే: అడుగున చేరిన నీళ్లలో మునిగిన దుంపకు ఆవిరి తగలదు. ఒక్కో బ్యాచ్‌లో ఎంత బరువు నింపుతున్నారో కూడా చూడండి. ఉత్పత్తి పెంచాలని కాస్త ఎక్కువ పోస్తే దుంపలు ఒకదాని చాటున ఒకటి ఉండిపోతాయి. అప్పుడు ఒకే బ్యాచ్‌లో కొన్ని ఉడికిపోయి, కొన్ని తొక్కతోనే వస్తాయి. మీ లక్షణాలు రెండూ కలిసి కనిపించడం చూస్తే నాకు దీని మీదే ఎక్కువ అనుమానం.

బ్రష్‌ల అరుగుదల సంగతి చెప్పనక్కర్లేదనుకుంటాను.

క్యూసీ_డెస్క్

పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. దుంపల లాట్ మారిందేమో చూడండి. కొత్తగా తవ్విన దుంప తొక్క పల్చగా ఉంటుంది, నిల్వ ఉన్నదాని తొక్క గట్టిపడుతుంది. గీతలు పడి మానిన చోట బెరడులాంటి పొర కడుతుంది. ఒకే టైమ్‌తో అన్ని లాట్లూ నడిపే ప్లాంట్లు చాలా ఉన్నాయి. ఆ టైమ్ కూడా అన్నిటికంటే మొండి లాట్‌కి సరిపోయేలా పెట్టేసి వదిలేస్తారు. మిగిలిన లాట్లన్నీ అనవసరంగా తరుగు ఇస్తుంటాయి.

కాంతిరేఖ

పీలర్ సంగతి ఆవిరిగొట్టం గారు బాగా చెప్పారు. నేను సార్టర్ వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే "శుభ్రంగా ఉన్నవి కూడా పడుతున్నాయి" అన్నదానికి పీలర్ ఒక్కటే కారణం కాకపోవచ్చు.

కెమెరాకు తొక్క, మచ్చ అనేవి తెలియవు. ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత కాంతి తిరిగొచ్చిందో మాత్రమే తెలుస్తుంది. అక్కడినుంచి అది తొక్క అని తేల్చేది మనం పెట్టిన హద్దు. ఇప్పుడు మీ దుంప కడిగి వచ్చింది, తడిగా ఉంది. తడి ఉపరితలం అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు ఉన్నచోట రంగు సమాచారం పోతుంది, దాని పక్కనున్న భాగం నీడగా, ముదురుగా కనిపిస్తుంది. కొన్ని యంత్రాల్లో ఈ మెరుపును అడ్డుకునే ఫిల్టర్లు, అంటే పోలరైజర్లు పెడతారు. అవి పొగచూరినట్లు మసకబారినా, లైట్ల మీద పిండినీళ్ల తుంపర ఎండిపోయినా మొత్తం చిత్రం కాస్త చీకటిగా మారుతుంది. హద్దు అక్కడే ఉంటుంది, చిత్రం కిందికి జారుతుంది. ఇక మంచి దుంప కూడా చెడ్డదే. తెల్ల రిఫరెన్స్ పలకతో కాలిబ్రేషన్ చివరిసారి ఎప్పుడు చేశారో, ఆ పలక శుభ్రంగా ఉందో లేదో చూడండి.

ఉడికిన వలయం సంగతి సార్టర్‌కీ తగులుతుంది. వేడి తగిలి కణాలు పగిలిన చోట, ఎంజైములు పూర్తిగా చావకపోతే, గాలి తగలగానే ఉపరితలం గోధుమరంగుకు తిరుగుతుంది. పీలర్ నుంచి సార్టర్ దాకా ఉన్న దూరంలో ఆ రంగు మార్పు మొదలైతే మీ కెమెరా దాన్ని తొక్క అనే అనుకుంటుంది. అంటే తొక్క పోవాలని టైమ్ పెంచారు, ఆ టైమే కొత్త రిజెక్ట్‌ను పుట్టిస్తూ ఉండొచ్చు.

లైన్‌మూడు

> ఆ టైమే కొత్త రిజెక్ట్‌ను పుట్టిస్తూ ఉండొచ్చు

ఈ కోణం నాకు తట్టలేదు. నిజమే, రిజెక్ట్‌లో లేత గోధుమరంగు దుంపలు కనిపిస్తున్నాయి. రేపు టైమ్ తగ్గించి, ఎగ్జాస్ట్ గ్రాఫ్ తీసి చూస్తాను. సెన్సిటివిటీ విషయంలో ఏం చేయమంటారు?

కొలతబద్ద

దాన్ని ముట్టుకునే ముందు రిజెక్ట్ బిన్‌లోంచి శాంపిల్ తీసి చేత్తో ఏరండి. అందులో ఎంత నిజంగా చెడ్డది, ఎంత మంచిది? మంచి వైపు బెల్ట్ నుంచి కూడా శాంపిల్ తీసి, తప్పించుకున్న చెడ్డవి ఎన్నో చూడండి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన లేకుండా సెన్సిటివిటీ గురించి మాట్లాడటం వృథా.

ఎందుకో ఒక ఉదాహరణ లెక్కతో చెబుతాను. గంటకు 10,000 కిలోలు వెళ్తున్నాయనుకుందాం. అందులో చెడ్డవి 2 శాతం, అంటే 200 కిలోలు. యంత్రం చెడ్డవాటిలో 95 శాతం పట్టుకుంటుంది, మంచివాటిలో 2 శాతాన్ని పొరపాటున కొడుతుంది. రిజెక్ట్‌లో పడేది 190 కిలోల చెడ్డవి, 196 కిలోల మంచివి. సగానికి సగం మంచిదే పోతోంది. చాలామంది దీన్ని భరిస్తారు.

ఇప్పుడు మంచి లాట్ వచ్చింది, చెడ్డవి అర శాతమే. అదే సెట్టింగ్. పట్టుబడిన చెడ్డవి 47.5 కిలోలు, పొరపాటున పోయిన మంచివి 199 కిలోలు. రిజెక్ట్‌లో 80 శాతం మంచి దుంప! యంత్రం ఏమీ చెడిపోలేదు, దాని నైపుణ్యం పిసరంత కూడా తగ్గలేదు. వచ్చే సరుకు మాత్రమే మారింది. అందుకే నేను ఎప్పుడూ పోట్లాడేది ఈ ఒక్క విషయం మీదే: సార్టర్ సెట్టింగ్ అనేది యంత్రానికి సంబంధించిన అంకె కాదు, ఆ పూట వచ్చిన సరుకుకు సంబంధించిన నిర్ణయం. పీలర్ బాగుపడితే చెడ్డవాటి శాతం తగ్గుతుంది, అప్పుడు సెట్టింగ్ కూడా మారాలి. మార్చకపోతే పీలర్ దగ్గర ఆదా చేసిందంతా సార్టర్ దగ్గర పారబోస్తారు.

బెల్ట్ మీద ఎంత సరుకు పడుతోందో కూడా చూడండి. దుంపలు ఒకే పొరగా, ఎడంగా ఉంటే గాలిదెబ్బ చెడ్డదానికే తగులుతుంది. కిక్కిరిసి ఉంటే పక్కదాన్ని కూడా లాక్కుపోతుంది. గంటకు టన్నులు పెంచితే, కెమెరా ఎంత బాగా చూసినా, మంచివి ఎక్కువ పోతాయి.

విత్తనం

ఫుడ్ టెక్నాలజీ విద్యార్థిని. చాలా నేర్చుకుంటున్నాను. గాలిదెబ్బ గురించి ఒక సందేహం. కెమెరా చూసిన దుంప ఎజెక్టర్ దగ్గరికి వచ్చేసరికి కదిలిపోదా? అంత కచ్చితంగా ఎలా తగులుతుంది?

కాంతిరేఖ

మంచి ప్రశ్న. కెమెరా చూసే గీతకూ గాలి నోజిళ్లకూ మధ్య దూరాన్ని వీలైనంత తక్కువగా ఉంచుతారు. ఉదాహరణకు ఆ దూరం 20 సెంటీమీటర్లు, బెల్ట్ వేగం సెకనుకు 3 మీటర్లు అనుకోండి. చూసి, తేల్చుకుని, వాల్వ్ తెరవడానికి మొత్తం 67 మిల్లీసెకన్లే ఉంటుంది. లెక్క 5 మిల్లీసెకన్లు అటూఇటూ అయితే దెబ్బ 15 మిల్లీమీటర్లు తప్పుతుంది. దుంప అయితే అంచుకైనా తగులుతుంది. బఠాణీ అయితే పక్కదాన్ని కొడుతుంది. అందుకే బెల్ట్ మీద వస్తువు దొర్లకుండా నిలకడగా రావడం అంత ముఖ్యం. దుంప గుండ్రంగా ఉంటుంది కాబట్టి వైబ్రేటర్ తర్వాత స్థిరపడటానికి బెల్ట్‌కు తగినంత పొడవు కావాలి.

చిత్రం కూడా గీతలు గీతలుగానే తీస్తారు. సెకనుకు 3 మీటర్ల వేగంలో ప్రతి మిల్లీమీటరుకూ ఒక గీత కావాలంటే సెకనుకు 3,000 గీతలు చదవాలి.

పాతసార్టర్

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు తల్లీ. ఫోటోసెల్‌తో చిక్కుడు గింజల్ని ఏరే యంత్రాలు 1930లలోనే అమెరికాలో ఉన్నాయి. సార్టర్లు తయారుచేసే సోర్టెక్స్ సంస్థ లండన్‌లో 1947లో మొదలైంది, 1993 నుంచి స్విట్జర్లాండ్ సంస్థ బ్యూలర్ చేతిలో ఉంది. అప్పటి యంత్రం తెలుపా నలుపా అని మాత్రమే చెప్పేది. తర్వాత రంగులు వచ్చాయి, ఆపైన కంటికి కనిపించని కాంతి. మారింది సెన్సారూ, లెక్క కట్టే వేగమూ. గింజను చూసి, గాలితో కొట్టడం అలాగే ఉంది.

విత్తనం

ధన్యవాదాలు సార్. కంటికి కనిపించని కాంతి అన్నారు కదా, నియర్ ఇన్‌ఫ్రారెడ్ అదనంగా ఏం చూపిస్తుంది? నా ప్రాజెక్ట్ వేరుశనగ మీద. బూజు తయారుచేసే విషం అఫ్లాటాక్సిన్ ఉన్న గింజను సార్టర్ పట్టుకోగలదా?

కాంతిరేఖ

మామూలు సిలికాన్ సెన్సార్ సుమారు 1000 నానోమీటర్ల దాకా చూస్తుంది. ఆ పైన చూడాలంటే ఇండియం గాలియం ఆర్సెనైడ్ సెన్సార్లు కావాలి, అవి 900 నుంచి 1700 దాకా పనిచేస్తాయి. ఆ ప్రాంతంలో నీరు 970, 1450 దగ్గర కాంతిని బాగా పీల్చుకుంటుంది, నూనెలు 1200 చుట్టుపక్కల. రంగు ఒకటే అయినా రాయికీ గింజకూ, పెంకుకూ పప్పుకూ తేడా అక్కడ తెలిసిపోతుంది. పత్రహరితం 680 దగ్గర ఎరుపు కాంతిని పీల్చి, ఇంకాస్త పొడవైన తరంగదైర్ఘ్యంలో తిరిగి వెలిగిస్తుంది. పచ్చబారిన దుంపను పట్టుకోవడానికి అది పనికొస్తుంది.

కొన్ని సార్టర్లలో వాడే లేజర్ సంగతి వేరు. అరచేతి వెనక టార్చ్ పెడితే చెయ్యంతా ఎర్రగా వెలుగుతుంది చూశారా, లేజర్ చుక్క పప్పు మీద పడినప్పుడు కాంతి అలాగే లోపలికి ఇంకి చుట్టూ పాకుతుంది. రాయి మీద, గట్టి పెంకు మీద పడితే పడినచోటే వెనక్కి వస్తుంది. రంగుతో పనిలేకుండా ఈ వ్యాపించే తీరుతోనే రెండింటినీ విడదీస్తారు.

అఫ్లాటాక్సిన్ సంగతి క్యూసీ_డెస్క్ గారు చెబితే బాగుంటుంది.

క్యూసీ_డెస్క్

విత్తనం గారూ, సూటిగా చెబుతాను: విషాన్ని సార్టర్ చూడదు. మనం మాట్లాడుతున్నది కిలోకు మైక్రోగ్రాముల్లో. యూరోపియన్ యూనియన్‌లో నేరుగా తినే వేరుశనగకు మొత్తం అఫ్లాటాక్సిన్ పరిమితి కిలోకు 4 మైక్రోగ్రాములు. తర్వాత శుద్ధి చేయబోయే వేరుశనగకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి 15. ఆ మోతాదు దేన్నీ బెల్ట్ మీద కెమెరా నేరుగా కొలవలేదు. పట్టుకునేది బూజు వదిలిన ఆనవాళ్లను: రంగు మారిన గింజ, ముడతపడ్డ గింజ, అతినీలలోహిత కాంతిలో వెలిగే గింజ. ఆ వెలుగు కూడా ఎక్కువగా బూజు తయారుచేసిన వేరే పదార్థాలది. వెలిగిన ప్రతి గింజలో విషం ఉండదు, విషమున్న ప్రతి గింజా వెలగదు.

అయినా సార్టింగ్ పనిచేస్తుంది. ఎందుకంటే విషం గింజలన్నిటిలో సమానంగా ఉండదు. ఏవో కొద్ది గింజల్లోనే చాలా ఎక్కువ పోగుపడి ఉంటుంది. ఆ కొన్నింటిని తీసేస్తే లాట్ మొత్తం మోతాదు దిగిపోతుంది. ఇదే కారణంగా శాంపిల్ తీయడం కష్టం: శాంపిల్‌లో ఆ గింజ పడితే లాట్ ఫెయిల్, పడకపోతే పాస్. సార్టర్ ఉంది కాబట్టి ల్యాబ్ పరీక్ష మానేయొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

ఈ థ్రెడ్‌కి సంబంధించిన ముఖ్యమైన విషయం ఇక్కడ ఉంది. వేరుశనగలో రంగు సార్టింగ్‌ను పైపొర తీశాక చేస్తే ఫలితం బాగా మెరుగవుతుంది. ఎర్రటి పొర ఉన్నంతసేపు పప్పు మీది మచ్చను కెమెరా చూడలేదు. వేయించి పొర తీసి, తెల్లటి పప్పును బెల్ట్ మీద పెడితే రంగు మారినది స్పష్టంగా కనిపిస్తుంది. పొట్టు తీయడం, ఏరడం వేర్వేరు విభాగాల పని అనుకుంటాం గానీ, మొదటిది సరిగా జరగకపోతే రెండోది గుడ్డిదే.

విత్తనం

చాలా థ్యాంక్స్ మేడమ్. పొర తీయకముందు, తీశాక రెండు దశల్లోనూ చిత్రాలు తీసి పోల్చేలా నా ప్రయోగాన్ని మార్చుకుంటాను.

చేతిఏరివేత

నేను ఏరివేత బల్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి, ఇప్పుడు సార్టర్ ఆపరేటర్‌గా ఉన్నాను. ఒక మాట చెప్పాలి. కదిలే బెల్ట్‌ను చూస్తూ నిలబడితే కళ్లు ఎంత త్వరగా అలిసిపోతాయో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. షిఫ్ట్ చివర్లో చెయ్యి ఆడుతూనే ఉంటుంది, కన్ను మాత్రం చూడటం మానేస్తుంది. ఆ విషయంలో యంత్రం వచ్చినందుకు నాకు సంతోషమే.

కానీ చాలా చోట్ల యంత్రం రాగానే బల్ల దగ్గరున్న అందరినీ తీసేస్తారు. ఏది నిజంగా పుచ్చు, ఏది పైపై మచ్చ, ఏది కోస్తే లోపల మంచిగా ఉంటుంది అన్న తెలివి ఆ చేతుల్లోనే ఉంది. లైన్‌మూడు గారూ, మీ రిజెక్ట్ శాంపిల్ ఏరే పని కొత్త ట్రైనీకి ఇవ్వకండి. బల్ల దగ్గర పాతుకుపోయిన మనిషికి ఇవ్వండి, ఏ కారణానికి ఎన్ని వచ్చాయో విడివిడిగా కుప్పలు పెట్టమనండి. తొక్క ఒక కుప్ప, పచ్చబారినవి ఒకటి, దెబ్బతిన్నవి ఒకటి, ఏమీ లేనివి ఒకటి. ఆ కుప్పలు చూస్తే మీకే దారి తెలుస్తుంది.

కొలతబద్ద

అక్కా, ఇది బంగారంలాంటి సలహా. నమూనా చిత్రాలు చూసి నేర్చుకునే డీప్ లెర్నింగ్ సార్టర్లు కొన్నవాళ్లకు అసలు అడ్డంకి కూడా ఇక్కడే. నమూనా చిత్రాలకు "మంచి", "చెడ్డ" అని గుర్తులు పెట్టేది ఎవరు? తెలియనివాళ్లు పెడితే యంత్రం తెలియనితనాన్నే నేర్చుకుంటుంది.

న్యూరల్‌బెల్ట్

నేను ఆ సాఫ్ట్‌వేర్ వైపు పనిచేస్తాను, ఒప్పుకుంటున్నాను. అయితే పాత పద్ధతికీ దీనికీ తేడా చిన్నదేమీ కాదు. రంగు హద్దుల పద్ధతిలో దుంప కన్ను, తొక్క ముక్క రెండూ ముదురు మచ్చలే. ఆకారం, అంచు, చుట్టుపక్కల ఏముంది అన్నవి కలిపి చూసే న్యూరల్ నెట్‌వర్క్ (డీప్ లెర్నింగ్ ప్రోగ్రామ్) ఆ రెండింటినీ విడదీయగలదు. ఒకదానికొకటి తాకి ఉన్న దుంపల్ని వేరుగా గుర్తించడంలో కూడా లాభం స్పష్టం. ఆకుపచ్చ బఠాణీల్లో పచ్చి కామంచి కాయలు కలిస్తే రంగుతో పట్టుకోవడం చాలా కష్టం. అవి తినకూడనివి, పరిమాణం కూడా దగ్గరదగ్గరగా ఉంటుంది. అలాంటి చోట ఆకారమూ ఇన్‌ఫ్రారెడూ కలిపి చూడాలి.

పాతసార్టర్

లాభం కాదనను. కానీ పంట సీజన్ మారితే, రకం మారితే, లైట్లు పాతబడితే అదే నెట్‌వర్క్ మెల్లగా దారి తప్పుతుంది, ఎవరికీ చెప్పదు. రంగు హద్దు తప్పితే నేను స్క్రీన్ చూసి కనిపెట్టగలను. నెట్‌వర్క్ ఎందుకు కొట్టిందో నాకెలా తెలుస్తుంది?

న్యూరల్‌బెల్ట్

కొట్టిన ప్రతి వస్తువు చిత్రాన్నీ కారణంతో సహా దాచమని మీ సరఫరాదారును అడగండి. కొనేటప్పుడే అడగాలి, తర్వాత కాదు. రోజూ కొన్ని చిత్రాలు తీసి బల్ల దగ్గరి అనుభవజ్ఞులకు చూపించి సరిపోల్చితే దారి తప్పడం తొందరగానే బయటపడుతుంది. మీ అనుమానం న్యాయమైనదే. ఈ పని చేయని ప్లాంట్‌లో నా సాఫ్ట్‌వేర్ కంటే మీ రంగు హద్దులే నయం.

క్యూసీ_డెస్క్

బయటి వస్తువుల విషయం కూడా మర్చిపోవద్దు. 2017లో అమెరికాలో మెక్కెయిన్ సంస్థ ఫ్రోజెన్ హ్యాష్ బ్రౌన్ (తురిమిన బంగాళాదుంప) ప్యాకెట్లను వెనక్కి పిలిపించింది. పొలంలో దుంపలతోపాటు గోల్ఫ్ బంతులు తవ్వుకొచ్చి, ముక్కలై కలిసి ఉండొచ్చని ప్రకటించింది. తెల్లగా, గుండ్రంగా, చిన్న దుంపంత ఉండే వస్తువు అది. కోశాక పట్టుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. మెటల్ డిటెక్టర్‌కి అది దొరకదు. ఎక్స్‌రే చూసేది సాంద్రత తేడాను. రాయి, గాజు, లోహం బాగా తెలుస్తాయి. పల్చటి ప్లాస్టిక్, చెక్క లాంటివి తప్పించుకుంటాయి. అందుకే బయటి వస్తువుల్ని కోయకముందే, మొత్తంగా ఉన్నప్పుడే ఏరేయాలని నేను పట్టుబడతాను. మొదటి సార్టర్ సెన్సిటివిటీ తగ్గించేటప్పుడు తొక్క హద్దును మాత్రమే కదపండి. బయటి వస్తువుల హద్దును ముట్టుకోకండి. రెండూ ఒకే నాబ్‌కి కట్టిన యంత్రమైతే సరఫరాదారుతో మాట్లాడి విడదీయించుకోండి.

ఆకుపందిరి

మధ్యలో వస్తున్నాను, మాది టమోటా. మెత్తటి కాయ కాబట్టి దుంపకు వాడేంత ఆవిరి తట్టుకోదు. మేం వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచి తొక్క తీస్తున్నాం. తొక్క బాగానే పోతుంది గానీ ఆ నీళ్లను శుద్ధి చేయడం ప్రాణం తీస్తోంది. ఇన్‌ఫ్రారెడ్ పీలింగ్ ఎవరైనా వాడారా?

ఆవిరిగొట్టం

అమెరికా వ్యవసాయ శాఖ ఆల్బనీ పరిశోధన కేంద్రమూ, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమూ దీని మీద చాలా పనిచేశాయి. ఇన్‌ఫ్రారెడ్ కాంతి పైపొరనే త్వరగా వేడి చేస్తుంది, తొక్క వదులై చిట్లుతుంది. నీళ్లూ వద్దు, క్షారమూ వద్దు. వచ్చిన తొక్క కూడా రసాయనం లేకుండా ఉంటుంది కాబట్టి పశువుల మేతకో బయోగ్యాస్‌కో పంపొచ్చు. చిక్కు ఏమిటంటే కాయలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. హీటర్‌కు దగ్గరగా ఉన్న పెద్దకాయ ఎక్కువ వేడెక్కుతుంది, చిన్నది తక్కువ. పీలర్ ముందే సైజులవారీగా వేరుచేయాలి, లోపల కాయ తిరుగుతూ ఉండాలి. అంటే మీకు సార్టర్ పీలర్ తర్వాతే కాదు, ముందు కూడా కావాలి.

లైన్‌మూడు

అందరికీ చెప్పాల్సింది ఉంది. ఎగ్జాస్ట్ గ్రాఫ్ తీశాం. ఒత్తిడి దిగడానికి పాత రికార్డు కంటే స్పష్టంగా ఎక్కువ సమయం పడుతోంది. వాల్వ్ విప్పితే సీటు దగ్గర ఎండిన తొక్క అట్టకట్టి ఉంది. శుభ్రం చేసి, బ్యాచ్ బరువు తగ్గించి, టైమ్‌ను పాత సెట్టింగ్‌కి తెచ్చాం. వలయం సన్నబడింది, కళ్ల చుట్టూ తొక్క చాలావరకు పోయింది.

రిజెక్ట్ శాంపిల్‌ను బల్ల దగ్గరి సీనియర్ ఆవిడ చేత ఏరించాం. అన్నిటికంటే పెద్ద కుప్ప "ఏమీ లేనివి". దాని తర్వాతది తొక్క ఉన్నవి. పచ్చబారినవి, కుళ్లినవి చిన్న కుప్పలే. లైట్ల గాజు తుడిచి, తెల్ల పలక మార్చి కాలిబ్రేషన్ చేశాక "ఏమీ లేనివి" బాగా తగ్గాయి. తొక్క హద్దును ఒక మెట్టు వదులు చేశాం, బయటి వస్తువుల హద్దును కదపలేదు.

ఇంకో ప్రశ్న మిగిలింది. తొక్క మాత్రమే మిగిలిన దుంపల్ని పూర్తిగా పారేయకుండా ఏమైనా చేయొచ్చా?

కొలతబద్ద

మూడు దారుల సార్టింగ్ చేయండి. మంచివి ముందుకు, కుళ్లినవీ బయటి వస్తువులూ బయటికి, తొక్క ఉన్నవి మాత్రం విడిగా. వాటిని మళ్లీ స్టీమ్‌లోకి పంపకండి, ఉడికిపోతాయి. చిన్న గరుకు రోలర్ల యంత్రం మీద కాసేపు తిప్పితే చాలు. ఆ పద్ధతిలో తరుగు ఎక్కువే గానీ కొద్ది సరుకుకే కాబట్టి నష్టం ఉండదు.

ఇంకొకటి. సార్టర్ లెక్కించే "తొక్క మిగిలిన శాతం" అంకెను పీలర్ ఆపరేటర్ స్క్రీన్ మీదికి తీసుకెళ్లండి. చాలా ప్లాంట్లలో ఆ అంకె సార్టర్‌లోనే పుట్టి సార్టర్‌లోనే చచ్చిపోతుంది. పీలర్ దగ్గరున్న మనిషికి తాను చేసిన మార్పు ఫలితం కనిపించదు. అది కనిపిస్తే టైమ్‌ను అర సెకను తగ్గించి చూసే ధైర్యం వస్తుంది. తర్వాత కావాలంటే కంట్రోలర్‌కే ఆ పని అప్పగించొచ్చు, ముందు మనిషికి చూపించండి.

క్యూసీ_డెస్క్

పచ్చబారిన కుప్ప చిన్నదైనా వదలకండి. పచ్చదనం పత్రహరితం, అది హాని చేయదు. కానీ దాన్ని పుట్టించే వెలుతురే సోలనిన్ వంటి విషపదార్థాలైన గ్లైకోఆల్కలాయిడ్‌లను కూడా పెంచుతుంది. దుంపలో వాటికి మామూలుగా ఒప్పుకునే పైహద్దు కిలోకు 200 మిల్లీగ్రాములు. ఎక్కువ భాగం తొక్కలోనూ దాని కిందిపొరలోనూ ఉంటుంది. టైమ్ తగ్గించి పల్చగా తొక్క తీస్తున్నారు కాబట్టి పచ్చవాటి హద్దును ఇప్పుడు ఇంకా గట్టిగా ఉంచాలి.

లైన్‌మూడు

గమనించాను, అది వెంటనే చేయిస్తాను. చివరిగా, వేయించాక కొన్ని ముక్కల ఒక కొస నల్లబడుతోందని కస్టమర్ ఫిర్యాదు ఉంది. రెండో సార్టర్‌లో అవి మామూలుగానే కనిపిస్తున్నాయి.

కాంతిరేఖ

దాన్ని షుగర్ ఎండ్ అంటారు. దుంప ఎదిగేటప్పుడు ఎండ, నీటి ఎద్దడి తగిలితే తొడిమ వైపు కొసలో చక్కెరలు పోగుపడతాయి. పచ్చిగా ఉన్నప్పుడు కంటికి తేడా దాదాపు తెలియదు, వేయించగానే నల్లబడుతుంది. రంగు కెమెరా పనికిరాదు. ఇన్‌ఫ్రారెడ్‌తో కలిపి అనేక తరంగదైర్ఘ్యాల్లో చూసే సెన్సార్లు తొక్క తీసిన మొత్తం దుంప మీద వాటిని గుర్తించగలవు. కోయకముందే పట్టుకుంటే ఆ లాట్‌ను వేరే ఉత్పత్తికి మళ్లించొచ్చు.

క్యూసీ_డెస్క్

రంగు ఒక్కటే సమస్య కాదు. అదే చక్కెర వేడిలో దుంపలోని ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి అక్రిలమైడ్ అనే హానికర పదార్థాన్ని పుట్టిస్తుంది. ఆహారంలో అది ఉందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. యూరోపియన్ యూనియన్ 2017/2158 నియమంలో వేయించిన దుంప ముక్కలకు ప్రామాణిక స్థాయి కిలోకు 500 మైక్రోగ్రాములు. మీ దుంపలు నిల్వ ఉన్న గది ఉష్ణోగ్రత రికార్డు తెప్పించండి. 6 డిగ్రీల కంటే చల్లగా ఉంచితే దుంప మొత్తంలో చక్కెర పెరుగుతుంది, అప్పుడు కొస మాత్రమే కాక ముక్కంతా ముదురుగా వస్తుంది. మీకు కొసే నల్లబడుతోంది కాబట్టి నాకు పొలం మీదే అనుమానం. ఫిర్యాదు వచ్చిన ప్యాకెట్ల లాట్ నంబర్లు పట్టుకుని ఏ పొలంవో చూడండి. ఒకటి రెండు పొలాల దగ్గరే ఆగితే కొత్త సెన్సార్ కొనే ముందు ఆ పొలాల దుంపల్ని విడిగా నడిపి, వేయించి చూడండి.

లైన్‌మూడు

లాట్ నంబర్లు తీస్తున్నాం. పొలాలవారీగా వేయించి చూసిన ఫలితాలు రాగానే ఇక్కడే పెడతాను. పీలర్ స్క్రీన్‌కి సార్టర్ అంకె కలిపే పని ఎలక్ట్రికల్ వాళ్లు మొదలుపెట్టారు.